సంక్రాంతికి మహిళా సంఘం కిరాణా కొట్టు: సరుకు ఎంత తేవాలి, ఊళ్లో చిన్న వ్యాపారుల్ని ఎలా కలుపుకోవాలి?

కోనసీమ_కొట్టు:

నమస్కారమండి. మాది కోనసీమలో ఓ మండల కేంద్రం. పొదుపు సంఘాల ఆడవాళ్లు 600 మంది తలా 1,000 రూపాయలు వాటా వేసి, 1995 పరస్పర సహాయ సహకార సంఘాల (మ్యాక్స్) చట్టం కింద రిజిస్టరు చేయించిన కిరాణా కొట్టు ఇది. మామూలు నెలల్లో ఖర్చులు పోను కాస్త మిగులుతుంది. ఇబ్బందల్లా పండగకే. సంక్రాంతి వచ్చేసరికి వాటాదారులే ఆటో కట్టించుకుని టౌనులో పెద్ద మార్టుకి పోతారు. కొట్టుకి ఉప్పుకీ, అగ్గిపెట్టెకీ, అరువుకీ వస్తారు.

ఈసారి పాలకవర్గం రెండు తీర్మానాలు చేసింది. ఒకటి, పండగ సరుకు మన దగ్గరే కొనేలా సంఘాల ద్వారా ముందే ఆర్డర్లు తీసుకోవడం. రెండు, ఊళ్లో పిండివంటలు చేసి అమ్మే నలుగురైదుగురు ఆడవాళ్లు, బుట్టలల్లే మేదరులు, ఆత్రేయపురం పూతరేకులవాళ్లు, వీళ్లందరి సరుకూ కలిపి పండగ బుట్ట ఒకటి కట్టి అమ్మడం. హైదరాబాదులో ఉండేవాళ్ల నుంచి కూడా అడుగుతున్నారు. చేతిలో పెట్టుబడి తక్కువ. దేనికి ఎంత తెప్పించాలి, ధర ఎలా కట్టాలి, జీఎస్టీ సంగతేంటి, ఎక్కడ దెబ్బ తింటాం? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

గల్లాపెట్టె:

ముందు డిస్కౌంటు ఆలోచన ఉంటే మానేయండి. 2,000 రూపాయల పండగ బిల్లులో పంచదార, నూనె, పప్పులే ఎక్కువ. అన్నీ కలిపి తొమ్మిది శాతం మార్జిను అనుకుంటే 180 రూపాయలు. అందులో అయిదు శాతం తగ్గింపు ఇస్తే 100 పోయింది. మిగిలిన 80లో గుమాస్తా, కరెంటు, కవర్లు, దింపుడు కూలీ. పెద్ద మార్టు పంచదార మీద నష్టపోయి బట్టల మీదా, ప్లాస్టిక్ సామాను మీదా రాబట్టుకుంటుంది. మీకు ఆ వెసులుబాటు లేదు.

జనం ధర గుర్తుపెట్టుకునే సరుకులు నాలుగైదే ఉంటాయి: పంచదార, నూనె ప్యాకెట్, కందిపప్పు, మినపగుళ్లు, మహా అయితే గోధుమపిండి. ఈ అయిదింటి ధర మార్టుతో సరిపెట్టి, బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించండి. మిగతావాటిలో మామూలు మార్జిను ఉంచుకోండి. విడిగా తూచి ఇచ్చే నువ్వులు, ధనియాలు, జీలకర్ర, పల్లీలు, పుట్నాల మీదే కొట్టు బతుకుతుంది.

ఇక లెక్క. 600 ఇళ్లలో మూడో వంతు, అంటే 200 ఇళ్లు అరిసెలు వండుతాయనుకోండి. ఇంటికి 3 కిలోల బియ్యం చొప్పున 600 కిలోలు. బెల్లం కిలోకి ముప్పాతిక వేసుకుంటే 450 కిలోలు. నువ్వులు కిలో బియ్యానికి 50 గ్రాములు చాలు, కాబట్టి 30 కిలోలు. నువ్వుండలకి ఇంకో 20 కలపండి. మినపగుళ్లు సున్నుండలకీ, కనుమ గారెలకీ కలిపి ఇంటికి 2 కిలోలు. ఇదంతా అంచనానే. ఆర్డర్ చీటీలు వచ్చాక సరిచేసుకుని, చీటీల మొత్తం మీద పదిహేను శాతం మించి అదనంగా తెప్పించకండి.

బియ్యం పచ్చిబియ్యమే తేవాలి. స్టీమ్ రకం అరిసెకి పనికిరాదు, పాకం పట్టదు. బెల్లం లాటులోంచి ఒక దిమ్మ పగలగొట్టించి, ముక్క నోట్లో వేసుకుని చూసి కొనండి. ఉప్పగా తగిలితే వద్దు, చవుడు నేల చెరకు అది. మరీ పసుప్పచ్చగా మెరిసిపోతుంటే రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం ఎక్కువ కొట్టారని అర్థం. దుకాణంలో ఒక పావు కిలోతో పాకం పట్టి, చెంబు నీళ్లలో వేస్తే ఉండ కడుతుందో లేదో చూసుకున్నాకే 450 కిలోల మాట. బెల్లం చెడితే ఆ తిట్లు ఏడాదంతా వినాలి, పంచదార విషయంలో ఆ బాధ లేదు.

ఇంకొకటి. మార్టు చేయలేనిది, మీరు చేయగలిగేది తడిపిండి. పండగ వారంలో ఊళ్లో పిండిమర దగ్గర క్యూ మీరూ చూస్తూనే ఉంటారు. మర ఉన్నాయనతో మాట్లాడుకుని, బియ్యం కొన్నవాళ్లకి టైము రాసిన టోకెన్ ఇవ్వండి. టోకెన్ మీద నానబెట్టక ముందు బరువు రాయాలి. నానాక కిలో బియ్యం కిలోంబావు దాటుతుంది, మర కూలి ఏ బరువుకి కట్టాలో అక్కడే గొడవ. నానడానికి ఒక రోజు, వడకట్టి గుడ్డ మీద ఆరబెట్టడానికి కాసేపు. తడి చేతికి తగులుతుండగానే మరకి రావాలని టోకెన్ వెనకాల అచ్చు వేయించండి. కారం పట్టిన మరలో అదే రోజు బియ్యం పట్టకూడదు. కారానికి ఒక రోజు కేటాయించి, మర్నాడు పొద్దున్నే రెండు కిలోల నూక బియ్యం పట్టి పారబోశాక తడిపిండి మొదలుపెట్టాలి. మర వేడెక్కితే పిండిలో తడి ఆరిపోయి అరిసె విరుగుతుంది, కాబట్టి మధ్యమధ్యలో ఆపాలి. గంటకి ఎంత పడుతుందో ముందు పది కిలోలు పట్టి చూసి, దాన్నిబట్టి టోకెన్లు ఇవ్వండి. ఊహించి ఇస్తే సాయంత్రానికి కొట్టు ముందు కొట్లాటే.

పద్దుల_పుస్తకం:

జీఎస్టీ వరకు నేను చెబుతాను.

విడివిడిగా అమ్మితే ఏ సరుకుకి ఆ రేటు. కానీ రకరకాల సరుకులు ఒకే బుట్టలో పెట్టి, అంతటికీ ఒకే ధర కట్టి అమ్మితే అది మిశ్రమ సరఫరా అవుతుంది. అందులో ఏ వస్తువుకి ఎక్కువ రేటు ఉందో ఆ రేటు బుట్ట మొత్తానికీ పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి నెయ్యి, బాదం లాంటి డ్రైఫ్రూట్లు, కారప్పూస లాంటి నమ్‌కీన్లు 12 నుంచి 5 శాతానికి దిగాయి. మిఠాయిలు, అగరుబత్తి ముందే 5లో ఉన్నాయి. సబ్బులు 18 నుంచి 5కి వచ్చాయి. కాబట్టి తిండి సరుకుతో కట్టిన బుట్ట 5 శాతంతో పోతుంది. బుట్ట నిండుగా కనపడాలని ఒక కూల్‌డ్రింక్ సీసా పెట్టారో, దాని రేటు 40. సెంటు సీసా పెడితే 18. అలాంటివి బుట్టలో వద్దు, కావాలంటే పక్కన విడి బిల్లు. విడిగా తూచే బియ్యం, బెల్లానికి పన్ను లేదు. అదే బియ్యం, బెల్లం ముందే ప్యాక్ చేసి లేబులు వేస్తే 5. బుట్టలో చేరితే ఎలాగూ 5 లెక్క.

రిజిస్ట్రేషన్: సరుకు అమ్మకాలకి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షల టర్నోవరు దాటితే తప్పనిసరి. 600 ఇళ్ల కొట్టు కాబట్టి మీరు ఇప్పటికే తీసుకుని ఉంటారు. కాంపొజిషన్ స్కీములో, అంటే చిన్న వ్యాపారులు టర్నోవరు మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతిలో ఉన్నారా? ఉంటే ఒక చిక్కు. కాంపొజిషన్‌వాళ్లు వేరే రాష్ట్రానికి సరుకు పంపకూడదు. మీ ఊరి నుంచి హైదరాబాదుకి పార్సిల్ అంటే అంతర్రాష్ట్ర అమ్మకమే. అసలు రిజిస్ట్రేషనే లేనివాళ్లకీ అది కుదరదు, ఒక్క పార్సిల్ అయినా రిజిస్ట్రేషన్ కావాలి.

దారి లేకపోలేదు. హైదరాబాదులో ఉన్న కొడుకు డబ్బు కట్టి, బుట్ట ఊళ్లో అమ్మానాన్నలకి ఇవ్వమంటే, బిల్లు మీద డెలివరీ చిరునామా ఊరిదే రాయండి. రిజిస్టరు కాని కొనుగోలుదారుకి డెలివరీ చిరునామానే సరఫరా స్థలంగా తీసుకోమని 2024లో సర్క్యులర్ కూడా ఇచ్చారు. పండక్కి వచ్చినవాళ్లు కౌంటరు దగ్గర కొని కారులో పట్టుకుపోతే అదీ స్థానిక అమ్మకమే. కాబట్టి ‘హైదరాబాదుకి పంపుతాం’ అని ప్రచారం చేసేకంటే ‘తిరుగు ప్రయాణానికి బుట్ట సిద్ధం’ అంటే మీకు పార్సిల్ బెడదా ఉండదు, పూతరేకులూ విరగవు.

ముందుగా తీసుకునే అడ్వాన్సు మీద సరుకులకి జీఎస్టీ కట్టక్కర్లేదు, సరుకిచ్చి బిల్లు రాసినప్పుడే.

చెక్కలూ_జంతికలూ:

పిండివంటల సంగతి. ముందు తయారీ చేసే ఆడవాళ్లకి ఫసాయ్ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ, FSSAI) రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. లేకపోతే ఇప్పుడే పెట్టించండి, చిన్న తయారీదారుకి ఏడాదికి 100 రూపాయల రుసుము. పండగ వారంలో పెడితే రాదు. ప్యాకెట్ మీద పేరు, వేసిన దినుసులు, నికర బరువు, అన్ని పన్నులతో కలిపి ధర, తయారీ తేదీ, ఎన్నాళ్లలోపు వాడాలి, పచ్చ చుక్క, 14 అంకెల ఫసాయ్ నంబరు, తయారుచేసినవారి చిరునామా ఉండాలి. నికర బరువంటే అట్టపెట్టె కాకుండా. పెట్టెతో సహా తూచే అలవాటు మిఠాయి కొట్లలో ఉంది, మీరు ఆ పని చేయొద్దు. 60 గ్రాముల పెట్టెతో కిలో తూచారని ఒక్క సభ్యురాలు పట్టుకున్నా మహాజన సభలో అదే చర్చ. కాటా మీద తూనికల శాఖ ముద్ర తేదీ దాటిందేమో కూడా చూసుకోండి.

ఏది ఎన్నాళ్లుంటుందో దాన్నిబట్టి వండించాలి. చెక్కలు, జంతికలు గాలి తగలకుండా కడితే మూడు వారాలు పైమాటే. సున్నుండలు, నువ్వుండలు రెండు మూడు వారాలు. అరిసె నూనె బాగా పిండి, పూర్తిగా చల్లారాక కడితే రెండు వారాలకి ఢోకా లేదు. వేడి మీద కడితే కవరు లోపల చెమట పట్టి నాలుగో రోజుకే బూజు. తొందరలో అందరూ తప్పేది ఇక్కడే. సాయంత్రం వండి పొద్దున్న కట్టే పద్ధతి పెట్టండి, రాత్రికి రాత్రి కట్టొద్దు. జంతికలకి ఒకే నూనె రోజంతా కాచారంటే పదో రోజుకి పాత నూనె వాసన వస్తుంది. ఏ నూనె, ఎన్ని వాయిలకి మార్చాలో ముందే మాట్లాడుకుని రాసుకోండి.

పూతరేకులకి శత్రువు తేమ. బెల్లంవి పంచదారవాటికంటే త్వరగా మెత్తబడతాయి. బుట్టలో అన్నిటికన్నా పైన, పెట్టె పడుకోబెట్టి పెట్టాలి. నెయ్యి సీసా, బెల్లం అడుగున, వేరే కవర్లో. అగరుబత్తి, సబ్బు, పసుపు మిఠాయితో కలిపితే రెండు రోజుల్లో అరిసె మల్లె వాసన కొడుతుంది. వాటికి వేరే చిన్న సంచి.

బుట్టలు ఇప్పుడే చెప్పండి. పండక్కి మేదరులకి గొబ్బెమ్మల పళ్లేలు, చాటలు, కోళ్ల గంపల పని కూడా ఉంటుంది. పచ్చి వెదురుతో అల్లి అలాగే పేర్చేస్తే వారంలో తెల్లబూజు పడుతుంది, మీరు పెట్టిన మిఠాయికి ఆ వాసన పడుతుంది. అల్లాక కనీసం నాలుగైదు రోజులు ఎండ తగలాలి. ఒకే కొలత ఇవ్వండి. అడుగున అట్ట ముక్క సరిపోయేలా, లోపల అడ్డంగా 10 అంగుళాలు ఉంటే రెండున్నర మూడు కిలోల సరుకు కుదురుగా కూర్చుంటుంది.

డబ్బు విషయం గట్టిగా చెప్పదలిచాను. వండేవాళ్ల దగ్గర సరుకు ‘అమ్ముడుపోయాక ఇస్తాం’ అని పెట్టించుకోవద్దు. నెయ్యి, బెల్లం అప్పు మీద తెచ్చుకుని వండుతారు వాళ్లు. బుట్టకి ఆర్డరు ఇచ్చిన సరుకుకి సగం ముందు, మిగతాది సరుకు దించిన శనివారం. విడిగా కౌంటరు మీద అమ్మేదైతే అమ్మకం మీద 12 శాతం కొట్టుకి, మిగతాది వాళ్లకి అనుకోండి. విరిగినవి ఎవరి ఖాతాలో పడాలో కాయితం మీద ఉండాలి: కొట్టుకి చేరేదాకా వాళ్లది, అల్మారాలోకి వచ్చాక కొట్టుది.

కోనసీమ_కొట్టు:

చాలా ఉపయోగంగా ఉందండి. మేం రెగ్యులర్ జీఎస్టీలోనే ఉన్నాం. ఇంకో రెండు అనుమానాలు. ఒకటి అరువు. ధాన్యం డబ్బులు పడలేదని పండగ సరుకు అరువుకి అడుగుతారు, వాటాదారులు కాబట్టి కాదనలేం. రెండు, బజారులో టైలరు, చెప్పుల షాపు, ఫొటో స్టూడియోవాళ్లు కలిసి కూపన్లు వేద్దామంటున్నారు. మన దగ్గర 500 కొంటే వాళ్ల దగ్గర 25 తగ్గింపు, వాళ్ల దగ్గర కొంటే మన దగ్గర. చేయొచ్చా?

ఊరి_లెక్కలు:

అరువుకి మీ చేతిలోనే మందుంది. కొట్టు అరువు ఇవ్వకూడదు, సంఘం అప్పు ఇవ్వాలి. పది మంది సంఘంలో పొదుపు సొమ్ము మీద అంతర్గత అప్పులు ఎలాగూ ఇస్తుంటారు. పండగ సరుకు చీటీ సంఘం లీడరు ద్వారానే రావాలని పెట్టండి. డిసెంబరు మీటింగులో ఎవరికి ఎంత సరుకు కావాలో రాసుకుని, చేతిలో డబ్బు లేనివాళ్లకి సంఘం అంతర్గత అప్పు తీర్మానం చేసి, మొత్తం ఒకేసారి కొట్టు ఖాతాకి బదిలీ చేస్తుంది. కొట్టుకి నగదు డిసెంబరు 20 నాటికే చేరుతుంది. దాంతో హోల్‌సేల్‌లో రొక్కం ధరకి కొంటారు. పప్పుల్లో, నూనెలో రొక్కానికీ అరువుకీ ఉండే తేడానే మీ అసలు లాభం. వసూలు సంఘం బాధ్యత. పది మంది మధ్య బాకీ ఎగ్గొట్టడం కష్టం, కొట్టు పద్దులో ఎగ్గొట్టడం తేలిక.

సంక్రాంతి చీటీ అని నెలకింత కట్టించుకుని పండక్కి సామాను ఇచ్చే పద్ధతి మన జిల్లాల్లో బాగా ఉంది. మీరు కూడా వచ్చే ఏడు మొదలుపెడతారేమో, పెడితే వాటాదారుల దగ్గరే తీసుకోండి, ఏ సరుకు ఎంత తూకం ఎప్పుడు ఇస్తారో రసీదు మీద రాయండి, వడ్డీ ఇస్తామన్న మాట ఎక్కడా వద్దు. బయటివాళ్ల దగ్గర డబ్బు పోగేసి సామానుకు బదులు డబ్బు వాపసు ఇస్తే అది డిపాజిట్ కిందికి వెళ్లి, నియంత్రణ లేని డిపాజిట్ పథకాలను నిషేధించిన 2019 కేంద్ర చట్టంతో తలనొప్పి.

డిస్కౌంటు వద్దని పైన చెప్పారు, సరే. మరి వాటాదారుకి ఏం మిగులుతుంది? కొన్నదాన్నిబట్టి బోనస్. ఇంగ్లండులో రాచ్‌డేల్ నేతగాళ్లు 1844లో కొట్టు తెరిచి పెట్టిన నియమం ఇదే: బజారు ధరకే అమ్మి, ఏడాది చివర మిగులును ఎవరు ఎంత కొన్నారో దాన్నిబట్టి పంచడం. వాటాని బట్టి కాదు. మ్యాక్స్ చట్టం కింద మీకూ దారుంది, మహాజన సభ తీర్మానం చేయాలంతే. కానీ దీనికి ప్రతి బిల్లూ సభ్యత్వ నంబరు మీద ఎక్కాలి. జనవరి రద్దీలో గుమాస్తా నంబరు అడగడం మానేస్తాడు, అప్పుడు బోనస్ లెక్క తప్పి అనవసరంగా మాట పడతారు. నంబరు చెప్పనిదే బిల్లు కొట్టకుండా బిల్లింగులో అడ్డు పెట్టండి, బయటి కొనుగోలుదారులకి ఒక ఉమ్మడి నంబరు.

బజారు_సెంటరు:

కూపన్ల విషయంలో నాకు పెద్దగా నమ్మకం లేదు. 25 రూపాయలు ఎవరి జేబులోంచి పోవాలన్నదగ్గరే సగం చెడతాయి. తప్పదంటే, కూపన్ తీసుకున్న షాపే భరించాలి, ఇచ్చిన షాపు కాదు. అప్పుడు సర్దుబాటు లెక్కలే ఉండవు, ఎవరికి కొత్త గిరాకీ వచ్చిందో వాళ్లే ఆ 25 ఇచ్చుకుంటారు. వరుస నంబరు, రబ్బరు స్టాంపు రెండూ ఉండాలి, లేకపోతే జిరాక్సులు తయారు. గడువు జనవరి 31 దాకా పెట్టండి. పండగ నాలుగు రోజుల్లో టైలరు ఎవరికీ తగ్గింపు ఇచ్చే పరిస్థితిలో ఉండడు, అతనికి గిరాకీ కావాల్సింది కనుమ తర్వాత.

దానికంటే పనికొచ్చేది, మీరు కొనే ప్రతిదీ ఊళ్లోంచే కొనడం. కూపన్లు, టోకెన్లు, రసీదు పుస్తకాలు టౌనులో కాకుండా ఊరి ప్రెస్సులో వేయించండి. భోగి పిడకల దండలు, ముగ్గుపిండి, రేగుపళ్లు, చెరకు ముక్కలు, చామంతులు మీరు అమ్మొద్దు. ఆ నాలుగు రోజులూ వాటి మీద బతికేవాళ్లు రోడ్డు పక్క ఉంటారు. మీ అరుగు మీద చోటివ్వండి. భోగిపళ్లకని వచ్చినవాళ్లు సెనగలకీ, చిల్లరకీ మీ కొట్లోకే వస్తారు.

వాటాదారు_615:

నేను కొనేవైపు నుంచి అడుగుతున్నాను. మాలాంటివాళ్లం కొట్టుకి మేలు చేయాలంటే పండగ బుట్ట కొనాలా, ఇంకేమైనా?

గల్లాపెట్టె:

బుట్ట కొంటే వండేవాళ్లకి మేలు, కొట్టుకి కొద్దిగా. కొట్టు నిలబడేది మీ నెల సామాను మీద. పండగలో మీ చేతిలో ఉన్నవి చిన్న పనులే: చీటీ డిసెంబరు 20లోపు ఇవ్వడం, ఇచ్చాక మార్చకపోవడం, సరుకు జనవరి 10కి ముందే పట్టుకెళ్లడం. 11, 12 తేదీల్లో అందరూ ఒకేసారి వస్తే ఇద్దరు కూలీల్ని అదనంగా పెట్టాలి, ఆ కూలి మీ బోనస్‌లోంచే పోతుంది. నూనె డబ్బా, పప్పుల సంచీ మీరే తెచ్చుకుంటే కవరు ఖర్చు తగ్గుతుంది. మార్టులో పంచదార రెండు రూపాయలు తక్కువైతే అక్కడే కొనుక్కోండి, ఎవరూ ఏమీ అనుకోరు. నువ్వులు, మినపగుళ్లు, జీలకర్ర, ఎండుమిర్చి, టీ పొడి మాత్రం కొట్లో కొనండి.

ఇక కొట్టు నడిపేవాళ్లకి చివరగా, మిగిలిన సరుకు సంగతి. జనవరి 16 నుంచి పది రోజులు కొట్టు ఖాళీగా ఉంటుంది, డబ్బంతా మిగిలిన సరుకులో ఇరుక్కుంటుంది. డీలరు దగ్గర తెచ్చేటప్పుడే వాపసు మాట ఖరారు చేసుకోండి: కట్ట విప్పని అట్టపెట్టెలు వాపసు తీసుకుంటారు, విప్పినవి తీసుకోరు. అందుకే ఒకే రకం పెట్టెలు రెండు మూడు ఒకేసారి విప్పకండి, ఒకటి పూర్తయ్యాకే రెండోది. రంగుల ముగ్గులు తేమ తగలని డబ్బాలో మూత గట్టిగా పెడితే వచ్చే ఏటికి పనికొస్తాయి, సంచీలో వదిలేస్తే గడ్డ కడతాయి. నువ్వులకి పురుగు, నెయ్యికి వాసన పట్టక ముందే శివరాత్రిలోపు అమ్ముకోవాలి. మిగిలిన బెల్లం మాత్రం తొందరపడి తక్కువకి ఇచ్చేయకండి. వెదురు తడిక మీద, గోడకి జానెడు దూరంలో పేర్చితే ఉగాది దాకా నిలుస్తుంది, ఆ పండక్కి మళ్లీ అందరికీ కావాలి.